పెళ్లయితే ఇంటిపేరు ఎందుకు మారాలి?

తెలుగింట పెళ్లి కుదిరితే రెండు వైపుల పెద్దలూ కూర్చుని మాట్లాడుకోని విషయం ఉండదు. ముహూర్తం, మంటపం, పెట్టుపోతలు, ఆడపడుచు లాంఛనాలు, విందులో ఎన్ని రకాలు, అన్నీ చర్చకు వస్తాయి. పెళ్లయ్యాక ఎవరి ఇంటిపేరు ఎవరిది అవుతుందన్నది మాత్రం రాదు. అమ్మాయిది మారుతుంది, అబ్బాయిది మారదు. ఇందులో మాట్లాడుకోవడానికేముంది అన్నట్టు ఉండిపోతారు. కానీ చట్టం, ఆచారం, చరిత్ర, ఇతర దేశాల అనుభవం పక్కపక్కన పెట్టి చూస్తే ఇది తేలిపోయిన సంగతేమీ కాదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. పుట్టుకతో వచ్చిన ఇంటిపేరు పెళ్లి వల్ల మారాల్సిన అవసరం ఇద్దరిలో ఎవరికీ లేదు. ఇష్టపడి మార్చుకునేవారికి ఆ వీలు ఉండాలి. అయితే ఆ ప్రశ్న వధువును ఒక్కదాన్నే అడిగేదిగా ఉన్నంతకాలం దాన్ని ఇష్టం అనలేం.

ముందు చట్టం సంగతి. పెళ్లయిన స్త్రీ భర్త ఇంటిపేరు పెట్టుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఆ ఊసు లేదు, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలోనూ లేదు. వివాహ నమోదును తప్పనిసరి చేసిన 2002 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం కూడా పెళ్లిని నమోదు చేయమందే గాని పేరు మార్చమనలేదు. పాస్‌పోర్టు కోసం మహిళలు పేరు మార్చుకోనక్కర్లేదని ప్రధాని 2017లో బహిరంగంగానే ప్రకటించారు. విదేశంలో ఉద్యోగం చేసే భర్త దగ్గరికి వెళ్లాలంటే ఇంటిపేరు కలవాలనే నమ్మకం మన ఊళ్లలో గట్టిగా ఉంది. అయితే అమెరికా హెచ్-4 వీసాకు కావలసింది వివాహ ధ్రువపత్రం. పేర్లు కలిశాయా లేదా అన్నది వివాహానికి రుజువు కాదు. ఇంత స్పష్టంగా ఉన్నా చట్టం అడగనిదాన్ని దరఖాస్తు ఫారాలు అడుగుతాయి. తండ్రి లేదా భర్త పేరు అనే గడి, దాన్ని నింపే గుమస్తా అలవాటు, 'పెళ్లయింది కదమ్మా, మీ ఆయన ఇంటిపేరు రాయనా' అనే ఒక్క మాట, ఇవి చట్టం కంటే బలంగా పనిచేస్తాయి.

ఆ మాటకు సరేనన్నాక ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరూ పుట్టిన తేదీయే మన దగ్గర జీవితాంతం ఆధారం. అందులో పుట్టింటి పేరు ఉంటుంది. డిగ్రీ పట్టా, పాన్ కార్డు, మొదటి ఉద్యోగంలో తెరిచిన పీఎఫ్ ఖాతా అన్నీ ఆ పేరు మీదే ఉంటాయి. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారిందనుకోండి. తెలుగు పేర్లలో ఇంటిపేరు చాలాసార్లు ఒక్క ఇంగ్లీషు అక్షరంగానే ఉంటుంది కాబట్టి మారింది ఒక్క అక్షరమే అనిపిస్తుంది. కానీ పీఎఫ్ డబ్బు తీసుకోబోతే ఆధార్‌కూ ఖాతాకూ పేరు కలవదు. బ్యాంకులో కేవైసీ ఆగుతుంది. కలపాలంటే వివాహ ధ్రువపత్రం పట్టుకుని ఒక్కో కార్యాలయం చుట్టూ తిరగాలి. గెజిట్‌లో మార్పు ప్రకటించుకోవాలంటే అఫిడవిట్, పత్రికా ప్రకటనలు, రుసుము. వెనక్కి రావడం ఇంకా కష్టం. విడిపోయాక పాత పేరుకు రావాలనుకునే మహిళ విడాకుల డిక్రీ గానీ భర్త నుంచి అభ్యంతరం లేదన్న పత్రం గానీ తేవాలన్న కేంద్ర నోటిఫికేషన్‌ను ఒక మహిళ సవాలు చేస్తే 2024లో ఢిల్లీ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. పెట్టుకున్నప్పుడు ఎవరి అనుమతీ అడగని పేరును వదలడానికి భర్త సంతకం కావలసి రావడం అన్యాయం. ఈ తిరుగుడంతా దంపతుల్లో ఒక్కరికే పడుతుంది. భర్త పదో తరగతి సర్టిఫికెట్ నుంచి పింఛను కాగితం దాకా ఒకే పేరుతో వెళ్లిపోతాడు.

ఇక ఆచారం. ఇల్లు మారింది కాబట్టి ఇంటిపేరు మారింది, అత్తింటికి వచ్చిన పిల్ల ఆ ఇంటి మనిషి అయింది అని పెద్దలు చెబుతారు. వినడానికి సబబుగానే ఉంటుంది గాని మన ఆచారమే దాన్ని ఒప్పుకోదు. ఇల్లరికాన్ని చూడండి. రెడ్ల, కమ్మవారి కుటుంబాల్లో ఇల్లరికపుటల్లుడి హక్కులను మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నుంచీ కోర్టులు ఆచారంగా గుర్తించాయి. అల్లుడు వచ్చి అత్తమామల ఇంట్లో ఉంటాడు, వాళ్ల పొలం చేస్తాడు, వాళ్ల ఆస్తిలో వాటా పొందుతాడు. అయినా అతని ఇంటిపేరు మారదు, పుట్టింటి ఆస్తిలో అతని హక్కూ పోదు. అంటే ఇల్లు మారడం పేరు మారడానికి కారణం కాదన్నమాట. మగవాడి ఇంటిపేరు మారేది దత్తత వెళ్లినప్పుడే. అప్పుడు గోత్రం మారుతుంది, పుట్టింటి వారసత్వం తెగుతుంది, కొత్త ఇంటి వారసత్వం దక్కుతుంది. ఈ రెండూ పక్కపక్కన పెడితే ఇంటిపేరు దేన్ని అంటిపెట్టుకుని ఉందో తెలుస్తుంది. అది వంశాన్నీ ఆస్తినీ అంటిపెట్టుకుని ఉంది. కన్యాదానంతో కూతురు గోత్రం మారి వారసుల వరుసలోంచి బయటికి వెళ్లిపోయేది కనుక పేరు కూడా వెంట వెళ్లేది. జపాన్‌లో మగసంతానం లేని ఇల్లు అల్లుణ్ణి దత్తత తీసుకుని తమ ఇంటిపేరు పెట్టే ఆనవాయితీ ఉంది. అక్కడా సూత్రం ఇదే, వారసత్వం ఎటు పోతే పేరు అటు.

ఆ పునాది తెలుగునేల మీద 1980ల్లోనే కదిలింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టానికి సవరణ తెచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అది వర్తించింది. అయితే అప్పటికే పెళ్లయిన కూతుళ్లను అది మినహాయించింది. పెళ్లితో కూతురు ఆ ఇంటి మనిషి కాకుండా పోతుందన్న పాత భావన ఆ మినహాయింపులో మిగిలి ఉంది. 2005లో కేంద్రం దేశమంతటికీ సవరణ తెచ్చినప్పుడు పెళ్లయినవారు, కానివారు అన్న తేడా తీసేసింది. 2020లో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతో వచ్చేదేనని తేల్చి చెప్పింది. ఇప్పుడు చట్టం దృష్టిలో పెళ్లయిన కూతురు పుట్టింటి ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములతో సమానమైన భాగస్వామి. వారసత్వం తెగిందని పేరు తెంచారు. వారసత్వం తెగనప్పుడు పేరు తెంచడానికి మిగిలిన కారణమేమిటి? చట్టం ఇంకా పూర్తిగా సరిపడలేదన్నదీ చెప్పాలి. హిందూ వారసత్వ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం భర్తా పిల్లలూ లేని స్త్రీ వీలునామా రాయకుండా చనిపోతే, ఆమె సొంతంగా సంపాదించిన ఆస్తి ముందు భర్త తరపు వారసులకు వెళుతుంది, ఆ తర్వాతే ఆమె తల్లిదండ్రులకు. పుట్టింటి ఆస్తి తీసుకోవడానికి కూతురు, తన ఆస్తి ఇవ్వడానికి అత్తింటి మనిషి. ఈ వైరుధ్యం సరిదిద్దాల్సిందే గాని, దాన్ని చూపించి పేరు మార్పును సమర్థించడానికి లేదు.

పేరు మారితే పోయేదేముంది, మనిషి మారదు కదా అంటారు. మన సాహిత్య చరిత్రలోకి వెళ్తే పోయేదేమిటో కనబడుతుంది. 1902లో 'ధనత్రయోదశి' కథ రాసిన, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' కూర్చిన భండారు అచ్చమాంబ, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న కొమర్రాజు లక్ష్మణరావు అక్కాతమ్ముళ్లు. తమ్ముడు నాగపూర్‌లో అక్క ఇంట ఉండి చదువుకున్నాడు. ఇద్దరి పేర్లూ పక్కపక్కన చదివినా ఆ సంబంధం ఎవరికీ స్ఫురించదు. కొమర్రాజు అన్న పేరు వినగానే విజ్ఞాన సర్వస్వం గుర్తుకొస్తుంది గాని, తెలుగు కథకు తొలినాళ్లలో దారి వేసిన స్త్రీ కూడా ఆ ఇంటి బిడ్డేనని తెలియడానికి జీవితచరిత్ర తిరగెయ్యాలి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ సంగతీ చూడండి. రాజ్యాంగ సభ చర్చల్లో ఆమె జి. దుర్గాబాయి, అంటే గుమ్మిడితల దుర్గాబాయి. 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించిందీ ఆ పేరుతోనే. 1953లో సి.డి. దేశ్‌ముఖ్‌ను పెళ్లాడాక దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయ్యారు. ఢిల్లీ మెట్రో స్టేషన్ మీదా, ఆసుపత్రుల మీదా ఇవాళ ఉన్నది ఆ పేరే. ఆమె ఇష్టపడే పెట్టుకున్నారు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ రాజమండ్రిలో పుట్టి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి, రాజ్యాంగ రచనలో పాలుపంచుకున్న తెలుగు స్త్రీకి అప్పట్లో ఉన్న ఇంటిపేరు ఏమిటని అడిగితే చెప్పగలిగేవారు మనలో ఎంతమంది? పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో గృహిణి తన పేరే మరిచిపోయి వెతుక్కుంటూ బయల్దేరుతుంది. ఆ కథ అంతమంది స్త్రీలను పట్టి కుదిపిందంటే అందులో ఉన్నది ఊహ ఒక్కటే కాదు.

ఇతర దేశాలను చూస్తే ఒక సంగతి మొదటే తెలుస్తుంది. భార్య భర్త పేరు పెట్టుకోవడం లోకమంతటా ఉన్న సహజధర్మం కాదు. కొరియాలో, చైనాలో, వియత్నాంలో స్త్రీలు పుట్టింటి పేరే ఉంచుకుంటారు. స్పెయిన్‌లోనూ, స్పానిష్ మాట్లాడే దేశాల్లోనూ మనిషికి తండ్రి వైపు నుంచి ఒకటి, తల్లి వైపు నుంచి ఒకటి, రెండు ఇంటిపేర్లుంటాయి, పెళ్లితో ఏదీ మారదు. ఫ్రాన్స్‌లో 1794 నాటి విప్లవ చట్టం జనన పత్రంలో ఉన్న పేరు తప్ప మరొకటి ఎవరూ పెట్టుకోరాదంది. అందుకే అక్కడ భర్త పేరు వాడుకలో పేరే గాని చట్టం దృష్టిలో అసలు పేరు కాదు. కెనడాలోని క్విబెక్ 1981లోనూ గ్రీసు 1983లోనూ పెళ్లయినా పుట్టింటి పేరే ఉండాలని చట్టం చేశాయి. ఇదీ తగదని నా అభిప్రాయం. మార్చుకోమని బలవంతం చేయడం ఎంత తప్పో మార్చుకోవద్దని బలవంతం చేయడమూ అంతే తప్పు. అయితే క్విబెక్ నుంచి ఒకటి నేర్చుకోవచ్చు. ఒక తరం గడిచేసరికి అక్కడ ఇది చర్చించాల్సిన విషయంగానే మిగల్లేదు. భార్యాభర్తల పేర్లు వేరుగా ఉండడం అక్కడ మామూలైపోయింది.

జపాన్ సంగతి కొంచెం ఆగి చూడాల్సినది. అక్కడ పౌరస్మృతి 750వ అధికరణం ప్రకారం దంపతులిద్దరికీ ఒకే ఇంటిపేరు ఉండి తీరాలి. ఎవరిదైనా ఎంచుకోవచ్చు. కాగితం మీద పూర్తి సమానత్వం. ఆచరణలో నూటికి దాదాపు 95 జంటల్లో మారేది భార్య పేరే. ఇది సనాతన సంప్రదాయమని సమర్థించేవారు అంటారు గాని, సామాన్యులంతా ఇంటిపేరు పెట్టుకోవాలని ప్రభుత్వం ఆదేశించినదే 1875లో. మరుసటేడు ఇచ్చిన ఉత్తర్వులో భార్యలు పుట్టింటి పేరే వాడాలని ఉంది. ఒకే పేరు నియమం 1898 పౌరస్మృతితో వచ్చింది. 2015లో సుప్రీంకోర్టు ఈ నియమం రాజ్యాంగబద్ధమేనంది. పదిహేను మంది న్యాయమూర్తుల్లో అయిదుగురు విభేదించారు. ధర్మాసనంలోని ముగ్గురు స్త్రీలూ ఆ అయిదుగురిలో ఉన్నారు. 2021లో మళ్లీ అదే తీర్పు. కానీ 2024లో పెద్ద వ్యాపార సంస్థల సమాఖ్య కైదాన్రెన్ ఈ నియమం మార్చమని ప్రభుత్వాన్ని కోరింది. ఉద్యోగంలో ఒక పేరు, పాస్‌పోర్టులో మరో పేరు ఉన్న మహిళా అధికారులు విదేశాల్లో పడే ఇబ్బందులను అది కారణంగా చూపింది. ఎవరిదైనా ఎంచుకోవచ్చు అన్న వెసులుబాటు ఒక్కటే ఇస్తే ఏమవుతుందో జపాన్ లెక్క చెబుతోంది. సమాజం ఒక వైపే తోస్తున్నప్పుడు తటస్థంగా రాసిన చట్టం ఆ తోపును ఆపలేదు. అమెరికాలో ఏ బలవంతమూ లేదు. అయినా 2023లో ప్యూ రీసెర్చ్ సెంటర్ చేసిన సర్వేలో పురుషులను పెళ్లాడిన మహిళల్లో 79 శాతం భర్త పేరు పెట్టుకున్నామన్నారు, తమ పేరు ఉంచుకున్నవారు 14 శాతం. స్త్రీలను పెళ్లాడిన పురుషుల్లో 92 శాతం తమ పేరే ఉంచుకున్నారు. టర్కీలో భర్త పేరు తప్పనిసరి చేసిన నిబంధనను అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2023లో కొట్టేసింది. భార్య పేరు పెట్టుకునే హక్కు భర్తకు లేకపోవడం వివక్షేనని దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 2025లో చెప్పింది.

ఇప్పుడు అభ్యంతరాలు. బాగా వినబడేది కుటుంబ ఐక్యత. అందరిదీ ఒకే ఇంటిపేరైతేనే అది ఒక ఇల్లు అంటారు. పక్కనే తమిళనాడు ఉంది. అక్కడ చాలా కుటుంబాల్లో ఇంటిపేరే లేదు, తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనిషియల్. తాతదొకటి, తండ్రిదొకటి, మనవడిదొకటి. ఆ కుటుంబాలేమీ చెదిరిపోలేదు. మన ఇళ్లలోనూ అమ్మమ్మ, మేనమామ, పెదనాన్న కూతురి పిల్లలు, అందరివీ వేరువేరు ఇంటిపేర్లే. ఒకే ఇంటిపేరు లేనివాళ్లంతా పరాయివాళ్లైతే మేనమామ మనకు ఏమవుతాడు?

మరొక వాదన ఇంతకంటే పదునైనది, స్త్రీవాదులు కూడా అప్పుడప్పుడు చేసేది. పుట్టింటి పేరు మాత్రం ఎవరిది, తండ్రిది కాదా? ఒక మగవాడి పేరు వదిలి ఇంకో మగవాడి పేరు పెట్టుకుంటే నష్టమేమిటి? దీనికి జవాబు ఆమె అన్నదమ్ముల దగ్గర ఉంది. వాళ్లదీ తండ్రి ఇంటిపేరే. అయినా దాన్ని ఎవరూ నాన్న పేరు అనరు, అతని పేరు అంటారు. అదే పేరు ఒకే ఇంట్లో పుట్టిన కొడుక్కి సొంతమై, కూతురికి పెళ్లిదాకా దాచిపెట్టిన అరువు సొమ్మెలా అవుతుంది? పుట్టిన నాటి నుంచి పాతికేళ్లో ముప్పయ్యేళ్లో పిలిపించుకున్న పేరు, చదువూ ఉద్యోగమూ సంపాదించుకున్న పేరు ఆమెదే. తండ్రి నుంచి వచ్చిందన్నది దాని పుట్టుక, యాజమాన్యం కాదు.

పిల్లల మాట వచ్చేసరికి చిక్కు నిజమైనది. ఇద్దరూ ఎవరి పేరు వాళ్లు ఉంచుకుంటే పిల్లలకెవరిది? ఇక్కడ ఒక తెలుగు కుటుంబం కేసు చెప్పుకోవాలి. భర్త చనిపోయిన ఒక యువతి మళ్లీ పెళ్లి చేసుకుంది. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడికి కొత్త కుటుంబం ఇంటిపేరు వచ్చింది. తాతానాయనమ్మలు సంరక్షణ కోసం కోర్టుకెళ్లారు. 2014లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పిల్లవాడికి కన్నతండ్రి ఇంటిపేరు తిరిగి పెట్టాలనీ, రికార్డుల్లో రెండో భర్తను సవతి తండ్రిగా చూపాలనీ ఆదేశించింది. 2022 జులైలో సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసింది. తండ్రి పోయాక ఏకైక సహజ సంరక్షకురాలైన తల్లికి బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఉందని, పిల్లవాడి కాగితాల మీద సవతి తండ్రి అని రాయించడం అతని మనసును గాయపరిచే క్రూరత్వమని అంది. ఇంటిపేరు వంశ చిహ్నం మాత్రమే కాదు, బిడ్డ తాను పెరిగే చోట తనవాళ్లతో కలిసి ఉన్నాననుకునే భావనకు ఆధారం అన్నది ఆ తీర్పు సారాంశం. దాన్నిబట్టి చూస్తే పిల్లల పేరు వంశం లెక్కతో కాక పిల్లల మేలు లెక్కతో తేల్చవలసినది. తల్లిదండ్రులు కలిసి ఒకటి ఎంచుకోవచ్చు, రెండూ కలపవచ్చు. రెండూ కలిపితే తర్వాతి తరానికి నాలుగవుతాయని భయపడతారు గాని, స్పెయిన్‌లో రెండింట్లో ఒక్కోటి మాత్రమే ముందుకు పంపి శతాబ్దాలుగా నెట్టుకొస్తున్నారు. 2024లో మహారాష్ట్ర ప్రభుత్వ పత్రాల్లో బిడ్డ పేరు పక్కన తల్లి పేరు తప్పనిసరి చేసింది. తెలుగు రాష్ట్రాలు రెండూ అనుసరించదగిన పని అది.

భర్త ఇంటిపేరు మనస్ఫూర్తిగా కోరుకునే స్త్రీ మాటేమిటి? ఆమె కోరికను నేను తక్కువ చేయను. పుట్టింట్లో హింస చూసినవాళ్లకు, కులం వాసన కొట్టే పేరు వదిలించుకోవాలనుకునేవాళ్లకు, ప్రేమతో ఒక పేరు పంచుకోవాలనుకునేవాళ్లకు పేరు మార్పు విడుదలే కావచ్చు. అడగవలసిందల్లా ఆ కోరిక ఎవరెవరికి వచ్చే అవకాశం ఉందని. మగపిల్లవాడు ఎన్నడూ ఎంచుకోనవసరం లేని చోట ఆడపిల్ల ఎంపికకు పూర్తి స్వేచ్ఛ ఉందనలేం. ఇంటిపేర్లే వదిలేద్దాం అనేవారి ఆలోచనా నాకు నచ్చుతుంది. తొలి పుస్తకాల మీద ముప్పాళ రంగనాయకమ్మగా కనిపించిన రచయిత్రి తర్వాత వట్టి రంగనాయకమ్మగానే నిలబడ్డారు. కానీ దరఖాస్తుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే చాలాచోట్ల చిక్కులొచ్చే రోజుల్లో దాన్ని అందరికీ సూచించలేం.

ప్రభుత్వాలు చేయగలిగినవి పెద్ద పనులేమీ కావు. స్త్రీల దరఖాస్తుల్లో తండ్రి లేదా భర్త అన్న గడి తీసేసి, అవసరమైన చోట తల్లిదండ్రుల పేర్లు స్త్రీపురుషులిద్దరినీ ఒకే తీరుగా అడగవచ్చు. పాత పేరుకు తిరిగి రావాలనుకునే మహిళను భర్త పత్రం అడగకుండా ఉండవచ్చు. 15వ సెక్షన్‌ను పార్లమెంటు మార్చవచ్చు. మిగతాది కుటుంబాల చేతుల్లో ఉంది. మీ ఇంట్లో ఈ ఏడాది పెళ్లి ఉంటే, అమ్మాయి ఆధార్‌లో ఇంటిపేరు మార్పించే ముందు ఆ మాట అబ్బాయినీ అమ్మాయినీ కూర్చోబెట్టి ఇద్దరినీ అడగండి. ఇద్దరూ వద్దంటే అక్కడితో వదిలేయండి. అలా వదిలేసినందుకు ఆమె ఏ కార్యాలయంలోనూ ఏ హక్కూ పోగొట్టుకోదు.